సాంకేతిక దీపిక: మూసిన తలుపు


గత ఆదివారం లక్ష్మీ నగర్‌లోని మా ఇంటికి, జావా నేర్చుకుంటున్న ఒక సహోద్యోగి కుమారుడు వచ్చాడు. "బాబాయి గారూ, ఈ లైబ్రరీలో కన్‌స్ట్రక్టర్‌ను ప్రైవేట్ చేశారు. రిఫ్లెక్షన్‌తో తెరిచేయనా?" అని అడిగాడు. తొందరపడవద్దని చెప్పి ఒక ఉదాహరణ చూపించాను.

2014లో వెలువడిన జావా 8లో లోకల్‌డేట్ అనే క్లాస్ ఉంది. దాని కన్‌స్ట్రక్టర్ ప్రైవేట్. తేదీ కావలసినవారు 'ఆఫ్' అనే మెథడ్‌ను పిలవాలి. అది ముందుగా తేదీని పరీక్షించి, ఫిబ్రవరి 30 అంటే తిరస్కరిస్తుంది. లోపలి కన్‌స్ట్రక్టర్ ఆ పరీక్ష ముగిసిందని నమ్మి పని చేస్తుంది. జావా 8లో దొడ్డిదారిన ప్రవేశిస్తే ఫిబ్రవరి 30 పుడుతుంది! అట్టి తేదీ పదవీ విరమణ లెక్కలలో చేరితే ఒక కుటుంబపు పింఛను నిలిచిపోవచ్చు. 2021లో వచ్చిన జావా 16 నుండి, ప్రత్యేక ఆదేశం ఇస్తే తప్ప, జావా సొంత క్లాసులలోకి ఆ దారి మూసివేశారు. ఇతరుల లైబ్రరీలలో అది పలుచోట్ల తెరిచే ఉంది. అక్కడ వివేకం మనదే.

కనుక ముందుగా స్టాటిక్ ఫ్యాక్టరీ మెథడ్ గాని, బిల్డర్ గాని ఉన్నదేమో వెదకాలి. టెస్టింగ్ కొరకైతే లైబ్రరీకి ముందు మన సొంత ఇంటర్‌ఫేస్ నిలపాలి. రిఫ్లెక్షన్ అనివార్యమైతే దానిని ఒకే చోట ఉంచి, కారణం వ్రాసి పెట్టాలి. కొత్త వెర్షన్‌లో ప్రైవేట్ భాగం మారితే దాని రచయితలు బాధ్యులు కారు.

అబ్బాయి మరల వెదకగా, నాలుగు పంక్తుల క్రిందనే ఫ్యాక్టరీ మెథడ్ కనబడింది. కాఫీ చల్లారకముందే పని పూర్తయింది.