స్పానిష్ క్రియలకి ఇంగ్లీషు దారెందుకు?

మెక్సికో టీముతో కాల్స్ ఉన్నాయనో, అమెరికాలో పిల్లాడు స్కూల్లో తీసుకున్నాడనో స్పానిష్ మొదలుపెట్టిన మనవాళ్ళు చాలామంది ఒకే చోట ఆగిపోతారు. "ఒక్క క్రియకి ఆరు రూపాలేంటండీ బాబూ!" అని.

నా ఉద్దేశంలో చిక్కు స్పానిష్‌తో కాదు, దాన్ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడంతో. ఇంగ్లీషు వర్తమానంలో స్పీక్, స్పీక్స్ అని రెండే రూపాలు. మాట్లాడేది ఎవరో తెలియాలంటే ముందు ఐ, యూ, వుయ్ పెట్టాల్సిందే. ఆ లెక్కన చూస్తే ఆరు రూపాలు బరువే. మరి మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాం... ఇవి మనం ఎప్పుడైనా బట్టీ పట్టామా?

"అబ్లార్" అంటే మాట్లాడటం (రాతలో మొదట హెచ్ ఉంటుంది, పలకరు). చివరి "ఆర్" తీసేసి తోకలు తగిలించండి:

అబ్లో - మాట్లాడతాను
అబ్లాస్ - మాట్లాడతావు
అబ్లా - మాట్లాడతాడు, మాట్లాడుతుంది
అబ్లామోస్ - మాట్లాడతాం
అబ్లాయిస్ - (మీరందరూ) మాట్లాడతారు
అబ్లాన్ - (వాళ్ళు) మాట్లాడతారు

అబ్లాయిస్ స్పెయిన్‌లో వాడతారు. లాటిన్ అమెరికాలో "మీరందరూ"కి కూడా అబ్లానే. అంటే మన "మాట్లాడతారు" లాగే, రెండిటికీ ఒకటే!

తోకలోనే మనిషి ఉన్నాడు కాబట్టి "నేను" అనే మాట అక్కర్లేదు. మనం "రేపు మాట్లాడతా" అన్నట్టే వాళ్ళూ "మన్యానా అబ్లో" అనేస్తారు. వర్తమాన రూపంతోనే రేపటి సంగతి చెప్పడం కూడా మనకి కొత్త కాదు. "యో" (నేను) పెట్టేది "నేనే మాట్లాడతాను" అని నొక్కి చెప్పాలన్నప్పుడు. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు ప్రతి వాక్యంలోనూ యో, యో అంటుంటారు.

మర్యాద సంగతీ అంతే. "ఉస్తెద్" (మీరు) అనే మాట "తమరి దయ" అన్న అర్థమున్న పాత పిలుపు నుంచి వచ్చింది. అందుకే దానికి "నువ్వు" రూపం కాక "అతను" రూపం వాడతారు: ఉస్తెద్ అబ్లా. గౌరవం ఇస్తే క్రియ మారుతుందని తెలుగువాడికి వేరే చెప్పాలా?

అన్నీ కలుస్తాయనను. వాళ్ళ క్రియలో ఆడా మగా తేడా లేదు. "ఏర్", "ఈర్"తో ముగిసే క్రియలకి తోకలు కొంచెం వేరు: తినడానికి కోమో, కోమెస్, కోమె, కొమేమోస్. క్రమం తప్పే క్రియలూ ఉన్నాయి, అవి బట్టీ పట్టాల్సిందే. కానీ కొత్తగా పుట్టే క్రియలు దాదాపు అన్నీ "ఆర్" గుంపులోనే, బుద్ధిగా. ఫార్మాట్ చేయడం "ఫోర్మాతెఆర్", చాట్ చేయడం "చాతెఆర్". ఒక్క పట్టిక వస్తే మన ఆఫీసు మాటలు బోలెడు వచ్చేసినట్టే.

"ఇంగ్లీషు వస్తే చాలు, తెలుగు దేనికి పనికొస్తుంది?" అని మనలోనే చాలామంది అంటుంటారు. ఇదిగో, ఇక్కడ పనికొస్తుంది. ఇంట్లో అమ్మమ్మతో తెలుగు మాట్లాడే పిల్లకి క్రియ తోక పట్టుకుని మనిషిని గుర్తించడం ఊరికే వచ్చేస్తుంది. మనం ఇంట్లో తెలుగు మానేస్తే, అదే సంగతిని ఆ పిల్ల హైస్కూల్లో పట్టిక ముందేసుకుని బట్టీ పట్టాలి.

కాబట్టి ఈసారి మీ నోట్సులో స్పానిష్ రూపం పక్కన ఇంగ్లీషు అర్థం కొట్టేసి తెలుగు రాసి చూడండి. పిల్లలకైతే తప్పకుండా అలాగే చెప్పండి. ఏమంటారు?