తాళం తిప్పితే ‘టక్’... అంతే!

తెల్లవారుజామున నాలుగున్నరకి నాన్న ఫోన్ చేశారంటే రెండే కారణాలు. ఇంట్లో ఎవరికో బాగోలేదు, లేదా బండికి బాగోలేదు. మొన్న రెండోదే.

“ఒరేయ్, తాళం తిప్పితే టక్ అంటోంది. అంతే. సెల్ఫ్ తిరగట్లేదు. అవతల ఉప్పాడలో చేపలకి ఐసేసి కూర్చున్నారు.”

మాది పిఠాపురం. ఉప్పాడలో సరుకెత్తి కాకినాడలో దింపడం నాన్న పని. బండి పాత డీజిల్ పికప్పు. నేను ఇంటర్‌లో ఉండగా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. నా ఇంజనీరింగ్ ఫీజుల్లో సగం అదే కట్టింది. నెలలో మూడోసారి ఇలా ఆగింది. ఆగిన ప్రతిసారీ వేరే బండి మాట్లాడాలి, ఆ రోజు కిరాయి వాళ్లకే పోతుంది. నాలుగోసారి ఆగితే సరుకు వాళ్లే వేరే బండి చూసుకుంటారు.

అప్పటికే కొత్త బ్యాటరీ వేయించారు, 6,500. సెల్ఫ్ విప్పించి బ్రష్‌లు మార్పించారు, 3,000. అయినా అదే టక్. “అమ్మేద్దాంలేరా” అన్నారు. ఆ మాట అన్న తీరు నచ్చక శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కేశాను. పొద్దున్నే సామర్లకోటలో దిగి ఇంటికెళ్లేసరికి బండి దగ్గర నాన్న, ఆయనతో పాటు మా వీధి చివరి ఆటో ఎలక్ట్రీషియన్ బాబాయ్. నా బ్యాగులో కాలేజీ ల్యాబ్ కోసం కొన్న మల్టీమీటరు.

ముందు దారి ఎలా ఉంటుందో చూద్దాం. డీజిల్ బండిలో స్పార్క్ ప్లగ్గులు ఉండవు. కాబట్టి ఇక్కడ ఇగ్నిషన్ వైరింగ్ అంటే ముఖ్యంగా తాళం స్విచ్, దాన్నుంచి పోయే వైర్లు. చాలా స్విచ్‌ల వెనక నంబర్లుంటాయి. 30 అంటే బ్యాటరీ నుంచి వచ్చేది. 15 అంటే తాళం ఆన్‌లో ఉన్నప్పుడు కరెంటు వెళ్లేది. 50 అంటే స్టార్ట్‌కి తిప్పినప్పుడు మాత్రమే సెల్ఫ్‌కి వెళ్లేది.

సెల్ఫ్‌కి వచ్చే వైర్లు రెండు. లావుది బ్యాటరీ నుంచి సూటిగా వస్తుంది, మోటారు తిప్పే వందల ఆంపియర్లు దాన్లోనే పోతాయి. సన్నది 50 నుంచి వచ్చి సెల్ఫ్ మీదున్న సోలినాయిడ్‌ని లాగుతుంది. సోలినాయిడ్ గట్టిగా లాగితేనే లావు వైరు దారి తెరుచుకుంటుంది. సగం లాగి వదిలేస్తే టక్ అని ఊరుకుంటుంది.

అందుకే మీటరు కన్నా ముందు చెవులు, కళ్లు వాడాలి. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి.

టకటకటక అని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా టెర్మినల్ లూజు. ఒక్క టక్ అని లైట్లు బాగా డిమ్ అయితే బ్యాటరీ గానీ, మోటారు పట్టేయడం గానీ. ఒక్క టక్, కానీ లైట్లు దేదీప్యమానంగా ఉంటే బ్యాటరీని తిట్టకండి. సోలినాయిడ్, దానికొచ్చే సన్న వైరు, ఇంజన్ ఎర్త్ చూడండి. అసలు చప్పుడే లేకపోతే తాళం స్విచ్, రిలే, ఫ్యూజు. సెల్ఫ్ చక్కగా తిరుగుతూ ఇంజన్ అందుకోకపోతే అది వేరే కథ. డీజిల్ పంపు మీది కట్-ఆఫ్ సోలినాయిడ్‌కి కరెంటు వస్తోందా, హీటర్ ప్లగ్గులు పనిచేస్తున్నాయా అని వెతకాలి.

మాది మూడో రకం. ఒక్క టక్, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

నేను హీరోలా బండి కింద దూరి, సోలినాయిడ్ దగ్గర సన్న వైరు పీకేసి, దాని చివర మీటరు పెట్టాను. “నాన్నా, తిప్పండి!” 12.4 వోల్టులు. “వైరింగ్ సూపర్. తప్పు సెల్ఫ్‌దే” అని తీర్పిచ్చేశాను. నాన్న ముఖం వాడిపోయింది. మళ్లీ సెల్ఫ్ ఖర్చు కదా.

బాబాయ్ బీడీ పక్కన పడేసి, “వైరు పీకి కొలిస్తే ఏం తెలుస్తాది బాబూ? తగిలించి కొలు” అన్నాడు.

తగిలించి కొలిచాను. తాళం తిప్పితే బ్యాటరీ దగ్గర 12.1. సోలినాయిడ్ దగ్గర 7.3.

నాలుగేళ్లు చదివిన ఓమ్స్ లా అప్పుడు బుర్రకెక్కింది. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. ఖాళీ వైరులో ఎంత చెడ్డ అతుకున్నా వోల్టేజీ నిండుగానే కనబడుతుంది. అదే సోలినాయిడ్ 25 ఆంపియర్లు లాగిందనుకోండి. దారిలో 0.15 ఓమ్ అడ్డున్నా 3.75 వోల్టులు అక్కడే ఆవిరి. ఆఫీసులో కూడా ఇంతే. టెస్ట్ సర్వర్‌లో ఒక్క యూజర్‌తో పరుగెత్తిన కోడ్, పండగ సేల్ రోజున చతికిలబడుతుంది.

పోయిన 4.8 వోల్టులు ఎక్కడ పోయాయో పట్టుకోవాలి. మీటరు రెండు కొనలనీ ఒకే దారిలో రెండు చోట్ల పెట్టి, తాళం తిప్పించి చూడాలి. ఆ ముక్కలో ఎంత పోతోందో అంతే చూపిస్తుంది. బ్యాటరీ నుంచి స్విచ్ 30 దాకా 0.3. స్విచ్ లోపల 0.4. స్విచ్ నుంచి డ్యాష్‌బోర్డు కింద కప్లర్ దాకా 0.1. కప్లర్ దాటేసరికి 3.9! అక్కణ్ణుంచి సోలినాయిడ్ దాకా మళ్లీ 0.1.

కప్లర్ ఊడదీస్తే పిన్ను నిండా పచ్చటి చిలుం. ముందద్దం రబ్బరు వదులై వాన నీళ్లు సరిగ్గా దాని మీదే కారుతున్నాయి. ఆ పైన రోజూ ఉప్పాడ ఉప్పుగాలి. బ్యాటరీ తప్పు లేదు, సెల్ఫ్ తప్పు లేదు. 9,500 వేరేవాళ్ల నేరానికి కట్టిన జరిమానా.

బాబాయ్ పాత పిన్నులు కోసేసి కొత్తవి వేశాడు. రబ్బరు సరిచేశాం. ఈ బండిలో స్టార్టర్ రిలే లేదు కాబట్టి ఒకటి పెట్టాం. ఇప్పుడు తాళం స్విచ్ మోసేది రిలే కాయిల్ లాగే 0.15 ఆంపియరే. సోలినాయిడ్‌కి కావల్సింది బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా నేరుగా వెళ్తుంది. మొత్తం ఖర్చు 500 లోపు.

మీరూ చేసి చూస్తానంటే నాలుగు జాగ్రత్తలు. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ తప్పనిసరి. తాళం తిప్పేటప్పుడు ఫ్యాను, బెల్టుల దగ్గర చేతులు, మీటరు వైర్లు ఉండకూడదు. ఉంగరాలు, వాచీ తీసేయండి. వైర్లు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఫ్యూజు పోతే సిగరెట్ పెట్టె రేకు చుట్టే తెలివి మాత్రం వద్దు. ఫ్యూజు కాలకపోతే వైరింగ్ కాలుతుంది, దాంతో బండీ.

అన్నిటికన్నా ముఖ్యం, కొలవకుండా పార్టు మార్చొద్దు. కొలిచేది కూడా బరువు మోస్తున్నప్పుడే కొలవండి. “బానే ఉందిరా” అని ఫోన్లో చెప్పే నాన్నల విషయంలోనూ ఇదే నిజమని ఆ రోజు అనిపించింది. నెలలో మూడుసార్లు కిరాయి పోయిన సంగతి బండి దగ్గర నిలబడితే గానీ నాకు తెలియలేదు మరి.

ఆదివారం రాత్రి హైదరాబాద్ బయల్దేరాను. మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకి అలవాటుగా మెలకువ వచ్చింది. ఫోన్ వైపు చూశాను. మోగలేదు.

మళ్లీ దుప్పటి కప్పుకున్నాను.