గోడ బయటి పైపులో నీళ్లుంటాయి

తొలకరి పడ్డప్పటి నుంచి దసరా దాటేదాకా జిల్లా పేజీల్లో ఒకే రకం వార్త మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దండెం మీద బట్టలు ఆరేస్తూ ఒకరు, బోరు మోటారు స్టార్టరు డబ్బా తెరవబోయి ఒకరు, వాన వెలిశాక వీధి దీపం స్తంభాన్ని పట్టుకున్న పిల్లవాడు ఒకడు. ‘విద్యుదాఘాతంతో మృతి’ అని వార్త ముగుస్తుంది. తీగల్లో ఉండాల్సిన కరెంటు దండెంలోకి, డబ్బాలోకి, స్తంభంలోకి ఎలా వచ్చిందో మాత్రం అందులో ఉండదు. వానాకాలంలో అందుకు మొదట వెతకాల్సిన చోటు గోడ బయటి పైపు, దాని జాయింట్లు, దాని చివరనున్న డబ్బా.

ఇల్లు కట్టించేవాళ్లు లోపలి స్విచ్చుల కోసం నాలుగు దుకాణాలు తిరుగుతారు. బయటి పైపు, గ్లాండు (కేబులు డబ్బాలోకి వెళ్లేచోట బిగించే బిరడా), బాక్సు మాత్రం మేస్త్రీ ఏది తెస్తే అదే. మనిషికీ కరెంటుకీ మధ్య రక్షణ ఎక్కువగా కావాల్సిన చోటే మన శ్రద్ధ తక్కువ. ఇది మారాలన్నదే నా పట్టుదల.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆరుబయట వేసిన పైపు లోపలి భాగం కూడా తడి చోటే. పైపు వేశాం కాబట్టి వైరు పొడిగా ఉంటుందనుకోవడం పొరపాటు. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఈ మాట నేరుగానే చెబుతుంది: తడి చోట వేసిన పైపు లోపల కూడా తడికి తట్టుకునే వైరే వాడాలని. కారణం కురిసే వాన ఒక్కటే కాదు. ఎంత బిగించినా పైపులో గాలి ఉంటుంది, ఆ గాలిలో తేమ ఉంటుంది. పగలు ఎండకు కాగి రాత్రి చల్లబడినప్పుడు, చల్లనీళ్ల చెంబు బయట చెమర్చినట్టు ఆ తేమ పైపు లోపలి గోడకు పట్టి కిందికి జారుతుంది. ఏ చుక్కా వెళ్లకుండా సీలు చేశామని మురిసిపోతే, ఆ చెమ్మ బయటికి పోయే దారి కూడా మూసేసినట్టే.

కాబట్టి బయటి పనికి రెండు సూత్రాలు. పై నుంచి నీళ్లు రానివ్వకూడదు, వచ్చినవి కింద నుంచి పోవాలి. పైపు గానీ కేబులు గానీ డబ్బాలోకి ఎప్పుడూ కింది వైపు నుంచే వెళ్లాలి. డబ్బా నెత్తిన బెజ్జం పెట్టి పైపు దింపితే, ఆ పైపులోని నీరంతా నేరుగా టెర్మినళ్ల మీదే పడుతుంది. విడి కేబులైతే డబ్బాలోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిప్పాలి. దాని వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. పైపు లైనులో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట ఒక బాక్సు పెట్టి, దాని అడుగున నీరు పోయే ఏర్పాటు చేయాలి. వైరుకు జాయింటు పైపు లోపల ఎక్కడా ఉండకూడదు, బాక్సులోనే ఉండాలి. ఆ జాయింటుకు చుట్టిన నల్ల ఇన్సులేషన్ టేపు నీటిని ఆపదు. వేసవికి జిగురు కరిగి, వానకు ఊడివస్తుంది.

ఇక పీవీసీ పైపా, జింకు పూసిన ఇనుప (జీఐ) పైపా అన్న ప్రశ్న. దీనికి అన్ని ఊళ్లకూ ఒకే జవాబు లేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల ఉప్పుగాలి జీఐ పైపు మీది జింకును తినేస్తుంది. ముందు పోయేది మర కోసిన చోటే, ఎందుకంటే అక్కడ జింకు పూత కోతతోనే పోతుంది. పైగా ఇనుప పైపుకు ఎర్తింగు తెగి, లోపల వైరు ఒరుసుకుపోతే పైపు పొడవునా కరెంటు పారుతుంది. దండెం కట్టేది చాలాసార్లు అలాంటి పైపుకే. సముద్రం దగ్గర నేను పీవీసీ వైపే మొగ్గుతాను. కానీ మామూలు పీవీసీ ఎండకు పెళుసుబారుతుంది. ఎండను తట్టుకునేలా చేసిన రకమో కాదో అడిగి, ఐఎస్ 9537 గుర్తు చూసి, లైట్, మీడియం, హెవీల్లో హెవీయే కొనాలి. బళ్లు, గొడ్లు తగిలే ఎత్తులో మాత్రం ఎర్తింగు సరిగా చేసిన జీఐ పైపే నిలబడుతుంది. భూమిలో పాతేచోట ఈ రెండూ వద్దు. కేబుళ్ల కోసమే చేసిన ఐఎస్ 14930 రకం హెచ్‌డీపీఈ పైపు వేయాలి.

పీవీసీతో ఇంకో చిక్కుంది. 10 మీటర్ల పైపు, 30 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 2 సెంటీమీటర్లు సాగుతుంది. మన డాబాల మీద ఎండాకాలపు మధ్యాహ్నానికీ జనవరి తెల్లవారుజాముకూ ఆ తేడా సులువుగా వస్తుంది. క్లాంపులు బిగపట్టేస్తే సాగడానికి చోటులేక పైపు విల్లులా వంగుతుంది, చలికి కుంచించుకున్నప్పుడు కప్లింగు నుంచి ఊడుతుంది. ఊడిన ఆ సందు నుంచే వాన లోపలికి దిగుతుంది. పొడవాటి లైనులో సాగే కప్లింగు ఒకటి వేసి, క్లాంపుల్లో పైపు కాస్త జరిగేలా వదలాలి.

బాక్సు మీద ఉండే ఐపీ అంకెలు చదవడం కష్టమేమీ కాదు. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. ఐపీ 44 అంటే చిందే నీటిని ఆపుతుంది. ఐపీ 65 అంటే దుమ్ము అసలు చొరదు, పైపుతో కొట్టిన నీళ్లనూ ఆపుతుంది. వానకు నేరుగా తడిసే గోడకు నా లెక్కలో 65కు తగ్గకూడదు. అయితే ఆ అంకె కంపెనీ పరీక్షించిన డబ్బాకే వర్తిస్తుంది. మేస్త్రీ అడ్డదిడ్డంగా బెజ్జం చేసి, గ్లాండు లేకుండా వైరు దూర్చి, చుట్టూ సిమెంటు మెత్తితే ఆ అంకెకు విలువ లేదు. కేబులు లావుకు సరిపోయే గ్లాండే వేయాలి. ఎంత ఖరీదైన డబ్బా అయినా దాని పనితనం గ్లాండు దగ్గరే తేలిపోతుంది.

వరద వేరే లెక్క. ఐపీ 67 డబ్బా మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుంది, అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడ ఏ రబ్బరు గాస్కెట్టూ కాపాడదు, ఎత్తు ఒక్కటే కాపాడుతుంది. మునిగే కాలనీల్లో మీటరు బోర్డు, మోటారు స్టార్టరు గత వరద గుర్తు కన్నా పైన ఉండాలి. సెల్లారులో అసలు పెట్టకూడదు.

ఇవన్నీ చేసినా ఏదో ఒకరోజు నీరు చొరబడవచ్చు. తడిసిన ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోగలదు. అప్పుడు 230 వోల్టులు తగిలితే ఒంట్లోంచి పారేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె ఆగడానికి అది చాలు. లోడు మితిమీరితేనే పడిపోయే 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు, కదలదు. లీకయ్యే కరెంటును పసిగట్టే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మాత్రం రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. బయటి లైట్లు, గీజరు, మోటారు ఉన్న ఇంట్లో ఇది లేకపోవడం నా దృష్టిలో నేరంతో సమానం.

పనివాళ్లను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. మన దగ్గర కరెంటు పనికి పాయింటుకు ఇంత అని కూలి. గ్లాండు బిగించడానికి, కోసిన మరకు జింకు పెయింటు పూయడానికి, కేబులుకు వంపు తిప్పడానికి పట్టే సమయానికి ఎవరూ పైసా ఇవ్వరు. ఆదా చేసేది మనం, తొందరపడేది వాళ్లు. బయటి పనికి పాయింటు లెక్క మానేసి, సామాను, కూలి విడిగా రాసుకోవాలి. మున్సిపాలిటీలు కూడా వీధి దీపాల టెండర్లలో బాక్సుకు ఐపీ అంకెను, గ్లాండు రకాన్ని రాయించాలి. స్తంభాల కింది మూతలన్నీ మే నెలలోనే తనిఖీ చేయించాలి.

మీ ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే దాని మీది టెస్టు బటన్ ఈ ఆదివారం నొక్కి చూడండి. కరెంటు పోకపోతే అది పనిచేయడం లేదని అర్థం, వెంటనే మార్పించండి. ఇంట్లో అసలు అదే లేకపోతే తొలకరికి ముందే పెట్టించండి. ఇనుప పైపుకు దండెం కట్టి ఉంటే మాత్రం ఈరోజే విప్పేయండి.