నాన్నకు నలభైల్లో గుండెపోటు.. మరి పిల్లలకు పరీక్ష?

కర్నూలు, కడప: ఇంటింటికీ వచ్చే ఆరోగ్య సిబ్బంది 30 ఏళ్లు దాటిన వారికి బీపీ, షుగర్ చూస్తారు. మూడు రకాల క్యాన్సర్ల గురించీ ఆరా తీస్తారు. జాతీయ కార్యక్రమం కింద జరిగే ఈ పరీక్షల్లో కొలెస్ట్రాల్ మాత్రం లేదు. దీంతో ఎక్కువగా నష్టపోయేది వంశపారంపర్యంగా చెడు కొలెస్ట్రాల్ ఉన్న కుటుంబాలే.

ఇది తిండి వల్ల వచ్చేది కాదు. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లివర్ సరిగా తీసేయలేకపోవడంతో పుట్టినప్పటి నుంచే అది పేరుకుంటుంది. మనిషి సన్నగా ఉన్నా, బిర్యానీ ముట్టకపోయినా అంతే. ప్రపంచంలో దాదాపు 250 మందిలో ఒకరికి ఈ సమస్య ఉంటుందని అంచనా. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. ఇద్దరికీ ఉంటే నాలుగో వంతు అవకాశం మేరకు బిడ్డకు రెండు వైపుల నుంచీ వస్తుంది. అప్పుడు చిన్నతనంలోనే గుండె దెబ్బతినొచ్చు. ముస్లింలలో ఖాలా, మామూ పిల్లల మధ్య రిష్తాలు, హిందువుల్లో మేనరికాలు కొత్తేమీ కాని సీమలో ఈ లెక్కను తేలిగ్గా తీసుకోలేం.

ఈ జబ్బు మొదట కొట్టేది గుండెనే. పక్షవాతం ముప్పును ఎంత పెంచుతుందన్న దానిపై అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదు. స్టాటిన్ మాత్రలు మాత్రం రెండు ముప్పులనూ తగ్గిస్తాయి. 2002లో బ్రిటన్‌లో వెలువడిన హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో గుండె, రక్తనాళాల ముప్పు ఎక్కువగా ఉన్న 20 వేల మందికి పైగా పాల్గొన్నారు. వీరందరిదీ వంశపారంపర్య సమస్య కాదు. రోజూ 40 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటిన్ ఇచ్చిన వారిలో పక్షవాతం కేసులు దాదాపు నాలుగో వంతు తగ్గాయి.

మందు ఖరీదైనదీ కాదు. అటార్వాస్టాటిన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, జన్ ఔషధిలో తక్కువ ధరకే దొరుకుతుంది. చిక్కు వేరే చోట ఉంది. రిపోర్ట్ నార్మల్ వచ్చిందని మాత్ర ఆపేస్తే కొన్ని వారాల్లోనే కొలెస్ట్రాల్ మళ్లీ మొదటికొస్తుంది. రోజుకొక్క మాత్రే కాబట్టి రంజాన్‌లోనూ ఆపాల్సిన పని లేదు. ఇఫ్తార్ తర్వాత వేసుకోవచ్చేమో డాక్టర్‌ను అడిగితే సరి. గర్భం దాల్చాలనుకునే మహిళలు మాత్రం ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

సంబంధాలు చెడతాయని ఇంటి జబ్బును దాచుకుంటే మూల్యం పిల్లలు చెల్లిస్తారు. కర్నూలు సర్వజన ఆసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో 55 ఏళ్లలోపు మగవారు గుండెపోటుతో చేరితే, ఎల్‌డీఎల్ 190 దాటితే, తోబుట్టువులకు, పిల్లలకు రక్తపరీక్ష రాసిచ్చే పద్ధతి రావాలి. దానికి కొత్త పథకం అక్కర్లేదు. డిశ్చార్జ్ చీటీలో ఒక్క వాక్యం చాలు.