మునివాహన సేవ: ఔదార్యమా? ప్రాయశ్చిత్తమా?

2018 ఏప్రిల్ 16న భాగ్యనగరంలోని జియాగూడ శ్రీరంగనాథస్వామి ఆలయంలో ఒక అపూర్వ ఘట్టం జరిగింది. చిలుకూరు బాలాజీ దేవాలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ గారు ఒక దళిత భక్తుని తమ భుజస్కంధాలపై వహించి ఆలయ ప్రవేశం చేయించారు. దీనినే మునివాహన సేవ అంటారు. ఇటువంటి దృశ్యాన్ని చూచినవారు అర్చకుని ఔదార్యాన్ని కొనియాడటం సహజం. అయితే ఈ సేవకు మూలమైన వృత్తాంతాన్ని స్మరిస్తే, అది ఔదార్యం కాదని, ప్రాయశ్చిత్తమని బోధపడుతుంది.

తిరుప్పాణాళ్వారు పాణ కులంలో పెరిగిన పరమభక్తులు. శ్రీరంగంలో అడుగిడే అర్హత తనకు లేదని లోకం నిర్ణయించగా, కావేరీ తీరాన నిలిచి వీణాగానంతో రంగనాథుని సేవించేవారు. ఒకనాడు స్వామి అభిషేకజలం కోసం వచ్చిన లోకసారంగ మహాముని ఆయనను తొలగిపొమ్మన్నారు. గానపారవశ్యంలో ఆళ్వారుకు ఆ మాట వినబడలేదు. ముని రాయి విసిరారు. ఆళ్వారు నుదుట రక్తం స్రవించింది. ఆలయానికి మరలిన మునికి స్వామి లలాటంపై అదే గాయం గోచరించింది. ఆ భక్తుని భుజాలపై మోసి తెమ్మని స్వామి ఆజ్ఞాపించినట్లు గురుపరంపర చెబుతున్నది.

భుజం వంచినవాడు, రాయి విసిరినవాడు ఒక్కడే అన్నది ఈ కథలోని మర్మం. ఆళ్వారు మోయుమని కోరలేదు. శుద్ధి కావలసింది ఆయనకు కాదు, మునికి. దోషాన్ని అంగీకరించటం, అనుతాపం చెందటం, మరల చేయకుండటం ప్రాయశ్చిత్తానికి ముఖ్యాంగాలు. మూడవది లోపిస్తే మొదటి రెండూ నిష్ఫలం.

ఈ మూడవ అంగంలోనే అనుయాయులు తరచు తడబడ్డారు. భగవద్రామానుజులు మేల్కోటలో తిరుక్కులత్తారని గౌరవించి అంత్యజులకు ఆలయద్వారం తెరిచారని సంప్రదాయం చెబుతుంది. ఆ ప్రవేశం ఏటా మూడు దినాలకే పరిమితమై శతాబ్దాలు గడిచాయి. ఆచార్యులు వేసిన తొలి అడుగునే తుది అడుగుగా భావించి, నాలుగవ దినాన్ని చేర్చే సాహసం ఎవరూ చేయలేదు. నేడు ముచ్చింతలలో 216 అడుగుల సమతామూర్తి విరాజిల్లుతున్నది. కాని సమత్వానికి నిజమైన పరీక్ష జరిగేది గ్రామాలయపు గడప వద్దనే.

ఇది సంప్రదాయ భంగమని, ఆగమ విరుద్ధమని కొందరు సజ్జనులు వ్యాకులపడతారు. వారి భయం భక్తిజన్యమే, దానిని తృణీకరించరాదు. అయితే మూలవిరాట్టును స్పృశించే నియమం దీక్షితుడైన అర్చకునికి సంబంధించినది. ఆ నియమం చేత గర్భగృహానికి వెలుపల నిలిచేవారిలో అగ్రహారీకులు, వాడవారు సమానులే. దర్శనానికి, తీర్థానికి, శఠారికి జన్మభేదాన్ని కల్పించినది లోకాచారం. స్నానం, శుచి, శ్రద్ధ భక్తునికి కావలసినవి; అవి ఎవరికైనా సాధ్యమే.

రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అస్పృశ్యతను నిషేధించింది. ఆ శాసనం ద్వారాన్ని తెరిపించగలదు. కాని శఠారి పట్టిన చేయి ఒక శిరస్సు వద్ద ఆగి, మరొక శిరస్సు వద్ద సంకోచిస్తే, ఆ సంకోచాన్ని పోగొట్టవలసినవాడు అర్చకుడే. అందుకే ఈ సంస్కారం విశ్వాసుల నుండియే, గుడి లోపలి నుండియే రావాలి.

పెద్దేముల్, తాండూరు ప్రాంతాల నేల నాపరాతికి ప్రసిద్ధం. ఎన్నో దేవాలయ ప్రాంగణాలలో ఆ బండలే పరచి ఉంటాయి. గనిలో వాటిని తొలిచి, మోసి, పరచిన శ్రామికుడు అదే బండపై నిలిచి నమస్కరించుటకు జంకవలసి వస్తే, ఆ ప్రాంగణం ఎంత కడిగినా శుద్ధి కాదు.

చేయవలసినవి మహాకార్యాలు కావు. తీర్థప్రసాదాలకు ఒకే వరుస ఉండాలి. ఉత్సవమూర్తి పల్లకి ప్రతి వాడకూ వెళ్ళాలి. అక్కడి హారతిని అర్చకుడు అదే ఆదరంతో స్వీకరించాలి. సంకల్పంలో ఆ భక్తుని పేరు కూడా స్పష్టంగా పలకాలి.

ఒకనాటి మునివాహన సేవ ధన్యమే. అయితే భక్తుడు ఎవరి భుజమూ అవసరం లేకుండా, తన పాదాలతో, తలయెత్తి నడచి వచ్చి స్వామిని దర్శించిన నాడే ఆ ప్రాయశ్చిత్తం పరిపూర్ణమవుతుంది.

శ్రీరంగనాథ చరణారవిందార్పణమస్తు.