బానవిల్ లెక్క సరే, పైకి చేరినవెన్ని?

వేసవి వచ్చిందంటే అమెరికాలో కొలంబియా నది పొడవునా ఒకటే గోల. బానవిల్ డ్యాము దగ్గర ఇవాళ ఎన్ని సాల్మన్లు దాటాయి, నిన్న ఎన్ని, పోయినేడు ఇదే రోజుకి ఎన్ని... చేపలు ఎక్కడానికి డ్యాము పక్కన మెట్లలా కట్టిన కాలువకి అద్దాల కిటికీ పెట్టి మరీ లెక్కపెడతారు. 1938 నుంచీ ఉందీ లెక్క. రోజువారీ అంకెలు నెట్లో పెడతారు, మనలాంటి డేటా పిచ్చోళ్ళకి పండగే :) 2024లో సాకై రకం సాల్మన్లు ఏడు లక్షలు దాటి రికార్డు కొట్టాయి. ఇంకేం, "చూశారా, డ్యాముల వల్ల చేపలకొచ్చిన నష్టమేం లేదు" అనేవాళ్ళు తయారు!

ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. సముద్రం వైపు నుంచి వస్తే బానవిల్ మొట్టమొదటి డ్యాము. అక్కడ లెక్కపెట్టేది బయల్దేరినవాటిని, చేరినవాటిని కాదు. సర్వరుకి వచ్చిన రిక్వెస్టులు చూపించి, ఎన్నిటికి జవాబు వెళ్ళిందో చెప్పకుండా "సిస్టం భేషుగ్గా ఉంది" అంటే ఏ మేనేజరు ఊరుకుంటాడు?

2015 సంగతే చూడండి. బానవిల్ దగ్గర సాకై అయిదు లక్షలు. కాగితం మీద బ్రహ్మాండమైన ఏడాది. కానీ ఆ ఏడు కొండల మీద మంచు లేదు, జూన్ నుంచే మాడే ఎండలు, నీళ్ళు 20 డిగ్రీలు దాటేశాయి. సుమారు రెండున్నర లక్షల చేపలు దారిలోనే చచ్చాయి. నదిలోకి వచ్చాక సాల్మన్ తిండి మానేస్తుంది, ఒంట్లో కొవ్వే దానికి పెట్రోలు. నీళ్ళు వేడెక్కేకొద్దీ అది తొందరగా ఖర్చయిపోతుంది, మొప్పలకి తెగుళ్ళు పడతాయి. పారే నీళ్ళని ఆపి రిజర్వాయర్లు చేస్తే ఎండకి ఇంకా కాగుతాయి కదా!

ఐడహోలో రెడ్‌ఫిష్ సరస్సుకి పోవాల్సిన సాకైల గతి మరీ ఘోరం. 1400 కిలోమీటర్ల పైన ఎదురీత, మధ్యలో ఎనిమిది డ్యాములు. ఆ ఏడు బానవిల్ దాటినవి నాలుగు వేలైతే, ఈదుకుంటూ పైకి చేరినవి నూటికి ఒకటో రెండో. (1992లో అయితే ఆ సరస్సుకి తిరిగొచ్చింది ఒక్కటంటే ఒక్కటే. దానికి లోన్‌సమ్ లారీ అని పేరు కూడా పెట్టుకున్నారు.)

మరి శిక్ష ఎవరికి? గాలం వేసుకునేవాడికి. 2015 జులైలో ఆరెగాన్‌లో చాలా నదుల్లో మధ్యాహ్నం రెండు దాటాక సాల్మన్, ట్రౌట్ పట్టడం బందు పెట్టారు. అది తప్పని నేననను, వేడి నీళ్ళలో గాలానికి చిక్కిన చేపని వదిలేసినా బతకడం కష్టమే. కానీ నీళ్ళని కాచింది గాలాలా? 1855 ఒప్పందాల్లో చేపలు పట్టే హక్కు రాయించుకున్న యాకమా, ఉమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్, నెజ్ పర్స్ తెగలవాళ్ళని అడగండి. వాళ్ళు వేల ఏళ్ళు చేపలు పట్టిన సెలైలో జలపాతాన్ని 1957లో ది డాల్స్ డ్యాము ముంచేసింది.

"అయితే అన్నీ పగలగొట్టేయమంటావా?" అని కామెంట్లు పడతాయి, తెలుసు. కరెంటు కావాలి, గోధుమల పడవలు నడవాలి, ఒప్పుకుంటా. స్నేక్ నది మీద కింది నాలుగు డ్యాముల గురించి 2023 డిసెంబరులో ప్రభుత్వం, తెగలు, రాష్ట్రాలు ఒక ఒప్పందానికొచ్చాయి. 2025 జూన్‌లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కరెంటు ముఖ్యం అని వాదించండి, వింటాను. బానవిల్ అంకె చూపించి చేపలు హాయిగా ఉన్నాయని మాత్రం చెప్పకండి బాబూ.

పై డ్యాముల లెక్కలూ, నీటి వేడీ కూడా నెట్లోనే ఉన్నాయి. వచ్చే జులైలో ఎవరన్నా "రికార్డు!" అని మెయిల్ ఫార్వర్డ్ చేస్తే, ఆ చేప పోవాల్సిన దారిలో చిట్టచివరి డ్యాము దగ్గర అంకె ఎంతో అడగండి.