వృక్షశాస్త్ర పట్టభద్రుల అప్పు ఎవరి లెక్కల్లో ఉంది?

ప్రతి సంవత్సరం మా పట్టణంలో మసీదు పక్క గదిలో ఉపకారవేతన దరఖాస్తులు నింపే పనికి మేము కూర్చుంటాం. ఉద్యోగ విరమణ తరువాత మేము పెట్టుకున్న పని ఇదే. ఆదాయ ధ్రువపత్రం సరిగా ఉన్నదా, బి.సి.-ఇ ధ్రువపత్రంలో తండ్రి పేరు ఆధార్‌తో కలుస్తున్నదా అని చూసి పంపడం. గత ఏడాది ఆ గదికి ఒక అమ్మాయి వచ్చింది. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం సబ్జెక్టులుగా బి.ఎస్సీ. ప్రథమ శ్రేణిలో పూర్తిచేసింది. ఆమె దరఖాస్తు కోసం రాలేదు.

"చాచా, కాలేజీవాళ్ళు టి.సి. ఇవ్వడం లేదు. గవర్నమెంటు నుంచి ఫీజు రాలేదట. అది మేమే కడితే ఇస్తారట" అన్నది. బి.ఎడ్. ప్రవేశానికి నాలుగు రోజులే గడువు. తండ్రి ఆటో నడుపుతారు. మూడో రోజున తల్లి గాజులు కుదువ దుకాణానికి వెళ్ళాయి, టి.సి. ఇంటికి వచ్చింది.

దస్త్రాలు రాస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపినవాళ్ళం కనుక మాకు ఒక సంగతి బాగా తెలుసు. ఫారంలో గడి లేని విషయం ప్రభుత్వానికి కనబడదు. ఆ గాజులకు ఏ ఫారంలోనూ గడి లేదు. లెక్కల ప్రకారం ఆ అమ్మాయి ప్రభుత్వ ఖర్చుతో ఉచితంగా చదువుకున్న విద్యార్థిని. ఆమె ఇంటికి చదువు వల్ల ఒక్క రూపాయి అప్పు లేదు.

నిజానికి ఈ అప్పు డిగ్రీతో మొదలు కాదు. ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. తీసుకున్న చాలామంది పిల్లల ఇళ్ళలో మొదటి కల డాక్టరు చదువే. నీట్‌లో ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్ అని మరొక ఏడాది, ఒక్కొక్కచోట రెండేళ్ళు. హాస్టలు, పుస్తకాలు, కోచింగ్ రుసుము కలిపి తల్లి డ్వాక్రా రుణం, తండ్రి చిట్టీ పాట రెండూ అక్కడే కరిగిపోతాయి. ఆ తరువాతే పిల్లలు ఊళ్ళోని డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రానికి చేరతారు. అంటే తరగతి గదిలో మొదటి రోజు కూర్చునేసరికే ఇంటి మీద బాకీ ఉంటుంది. దీన్ని డిగ్రీ ఖర్చు కింద ఎవరూ రాయరు.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి ఈ పథకం మన పిల్లలను కళాశాల గుమ్మం ఎక్కించిన మాట ముమ్మాటికీ నిజం. ఇరవై ఏళ్ళు దాటిన ముస్లిములలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు 4 శాతం లోపేనని సచార్ కమిటీ 2006లో చెప్పిన స్థితి నుంచి మనం కొంత కదిలామంటే ఇటువంటి పథకాల పుణ్యమే. అయితే పథకం ఉండడం వేరు, డబ్బు విడుదల కావడం వేరు. బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు డిగ్రీ కళాశాలలు 2024 అక్టోబరులో తలుపులు మూశాయి. ప్రభుత్వం కళాశాలకు బాకీ పడితే, కళాశాల ఆ బాకీని విద్యార్థి మెడకు చుడుతుంది. విద్యార్థి అప్పగించిన మూల ధ్రువపత్రాలను తమ వద్ద ఉంచుకోరాదని యు.జి.సి. 2018లోనే చెప్పింది. టి.సి. మాత్రం కళాశాలే జారీ చేయవలసిన పత్రం. ఈ సందులోనే అందరూ దూరుతున్నారు.

సరే, పట్టా చేతికి వచ్చింది. దాని మీద సంపాదన ఎంత?

మొక్కల గురించి మూడేళ్ళు చదివిన వ్యక్తికి వ్యవసాయ శాఖలో దారి ఉంటుందని ఇంట్లో పెద్దలు అనుకుంటారు. ఉండదు. వ్యవసాయాధికారి ఉద్యోగానికి బి.ఎస్సీ. అగ్రికల్చర్ కావాలి, ఉద్యాన అధికారికి బి.ఎస్సీ. హార్టికల్చర్ కావాలి. వృక్షశాస్త్రం ఆ గుమ్మం బయటే ఆగిపోతుంది. ఈ ముక్క ప్రవేశాల రోజున చెప్పేవారు మాకు ఇంతవరకు కనబడలేదు. చివరికి ఎక్కువమంది, ముఖ్యంగా ఆడపిల్లలు, చేరుకునేది బి.ఎడ్. వైపే. అది 2015 నుంచి రెండేళ్ళ చదువు. ఆపైన టెట్, ఆపైన డి.ఎస్సీ. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డి.ఎస్సీ. తరువాత మరో డి.ఎస్సీ. నియామకాలు జరిగింది 2025లో. తెలంగాణలో 2017 ప్రకటన తరువాత నియామకాలు జరిగింది 2024లో. 16,347 పోస్టులనీ, 11,062 పోస్టులనీ పతాక శీర్షికలు చూశాం, సంతోషించాం. మధ్యలో పోయిన ఏడేళ్ళ మాటేమిటి? ఆ ఏడేళ్ళు ప్రైవేటు బడిలో కూలి రేటుకు కాస్త అటూ ఇటూ జీతం, వేసవి సెలవుల్లో అదీ లేదు. కుదువ వడ్డీకి మాత్రం వేసవి సెలవులు ఉండవు.

పరిశోధన వైపు వెళ్ళగలిగినవారి స్థితి కొంత మెరుగు. జె.ఆర్.ఎఫ్. సాధిస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. నెట్ నెగ్గి, జె.ఆర్.ఎఫ్. కొద్దిలో తప్పిన మైనారిటీ విద్యార్థులకు మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ ఆధారంగా ఉండేది. ఇతర పథకాలతో కలిసిపోతున్నదన్న కారణం చెప్పి కేంద్రం దానిని 2022-23 నుంచి నిలిపివేసింది. జె.ఆర్.ఎఫ్. వచ్చినవారి విషయంలో ఆ కారణం సరిపోవచ్చు. రానివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సీటు దొరికితే నెలకు 8,000, రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చాలామందికి అదీ లేదు. ఒకే ప్రయోగశాలలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఇంటికి డబ్బు పంపుతారు, మరొకరు ఇంటి నుంచి తెప్పించుకుంటారు.

బ్యాంకు విద్యారుణం ఉన్నది కదా అని అడగవచ్చు. కేంద్రం వడ్డీ రాయితీ పథకం వృత్తి, సాంకేతిక కోర్సులకే వర్తిస్తుంది. 2024 నవంబరులో ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి ఎంపిక చేసిన సంస్థలకు (ఆమోదించినప్పుడు 860) పరిమితం. మన పట్టణాల డిగ్రీ కళాశాలల్లో ఎన్నింటికి ఆ జాబితాలో చోటు దొరుకుతుంది? ఇక్కడ మనవాళ్ళతోనూ ఒక మాట అనాలి. వడ్డీ హరామ్ అని బ్యాంకు మెట్లెక్కని పెద్దమనిషే, నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి బంగారం కుదువపెట్టి రావడం మేము కళ్ళారా చూశాం. ఆ నిష్ఠను మేము తప్పుపట్టడం లేదు. అవసరం తోసినప్పుడు అది నిలవడం లేదనీ, నిలబెట్టేందుకు జమాఅత్ తరఫున వడ్డీలేని నిధి మా ఊళ్ళో లేదనీ మాత్రమే చెబుతున్నాం.

అమెరికాలో కాలేజ్ స్కోర్‌కార్డ్ పేరిట ప్రభుత్వమే ఒక పట్టిక ప్రకటిస్తుంది. ఏ కళాశాలలో ఏ కోర్సు చదివినవారు ఎంత అప్పుతో బయటపడ్డారు, తరువాత ఎంత సంపాదిస్తున్నారు అన్న వివరాలు 2019 నుంచి కోర్సువారీగా అందులో ఉన్నాయి. వృక్షశాస్త్రానికి వేరే కోడ్ కూడా ఉన్నది. లోపాలూ లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వ సహాయం పొందినవారినే లెక్కిస్తారు, విద్యార్థులు బాగా తక్కువగా ఉన్న చోట అంకెలు దాచిపెడతారు, వృక్షశాస్త్రం వంటి చిన్న శాఖలకు ఈ దెబ్బ తగులుతుంది. అయినా అడిగే తండ్రికి జవాబుగా చూపడానికి ఒక కాగితం ఉన్నది.

మన దగ్గర ఉన్నత విద్యపై అఖిల భారత సర్వే 2010-11 నుంచి జరుగుతున్నది. ఎందరు చేరారు, ఎందరు ఉత్తీర్ణులయ్యారు, వారిలో ముస్లిములెందరు అన్నది అందులో దొరుకుతుంది. సంపాదన లేదు, అప్పు లేదు. ర్యాంకుల కోసం కళాశాలలు ఎన్.ఐ.ఆర్.ఎఫ్.కు మధ్యస్థ జీతం చూపుతాయి గాని, అది మూడేళ్ళ డిగ్రీలన్నిటికీ కలిపి ఒకే అంకె. బి.కాం. విద్యార్థి జీతం చాటున బి.ఎస్సీ. విద్యార్థి నిరుద్యోగం దాక్కుంటుంది.

తెలంగాణలో దోస్త్ ద్వారా 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆన్‌లైన్ పద్ధతే. విద్యార్థి పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా, తండ్రి ఆదాయం అన్నీ ఉపకారవేతనాల శాఖ వద్ద ఉన్నాయి. చదువు ముగిసిన మూడో ఏట ఆ నంబరుకే ఫోను చేసి మూడు ప్రశ్నలు అడగడం కష్టమైన పని కాదు. ఏం పని చేస్తున్నావు, నెలకు ఎంత వస్తున్నది, చదువు కోసం ఇల్లు ఎంత బాకీ పడింది, ఇంకా ఎంత ఉన్నది. లెక్కపెడితే నాలుగయ్యాయి, కానివ్వండి. ఆ జవాబులను కోర్సు పేరు పక్కన ప్రవేశాల సమయంలో చూపించాలి. ఇది మేము కోరుతున్నది.

వృక్షశాస్త్రం పనికిరాని చదువని మేము అనడం లేదు. హైదరాబాదు చుట్టూ విత్తన కంపెనీలున్నాయి, వాటికి క్షేత్రంలో పనిచేసేవారు కావాలి. పురుగుమందుల దుకాణం లైసెన్సుకు వృక్షశాస్త్రం చదివిన బి.ఎస్సీ. పట్టా సరిపోతుంది. మా గదికి వచ్చిన పట్టభద్రులలో ఈ సంగతి తెలిసినవారు అరుదు. తెలిసినా దుకాణానికి పెట్టుబడి కావాలి, మైనారిటీ ఆర్థిక సంస్థ సబ్సిడీ రుణం కోసం మళ్ళీ ఒక దరఖాస్తు, మళ్ళీ ఒక నిరీక్షణ. ఆ రుణాలలో ఇటువంటి లైసెన్సుకు అర్హులైన పట్టభద్రులకు ముందు వరుస ఇవ్వవచ్చు.

ప్రభుత్వం గడి గీసేవరకు ఆగకుండా, మా గదిలో మేమే ఒక పొడుగు పుస్తకం తెరిచాం. వచ్చిన ప్రతి పట్టభద్రుని కోర్సు, ఉత్తీర్ణత సంవత్సరం, ఇప్పటి పని, నెల రాబడి, ఇంటి బాకీ, అది ఎవరి వద్ద అన్నది రాస్తున్నాం. పేర్లు రాయడం లేదు. రంజాన్ తరువాత దాని నకలు జిల్లా మైనారిటీ సంక్షేమాధికారికి అందజేస్తాం. ఇతర పట్టణాల మిత్రులు ఇదే పద్ధతిలో పుస్తకం పెడితే గడులు ఒకే వరుసలో ఉండేట్టు చూసుకోవాలని మనవి. అప్పుడే కూడికకు వీలవుతుంది.